తిరుగుబాటు ఎక్కడ, విప్లవం ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సోషల్ పరీక్షలో ‘ఫ్రాన్స్ సామాన్య ప్రజలు 1789లో రాచరికానికి వ్యతిరేకంగా తిరుగుబాటు చేశారు’ అని రాశాడు. టీచరుగారు ‘తిరుగుబాటు’ కొట్టేసి ‘విప్లవం’ అని దిద్దారు. రెండూ ఒకటే కదా? రాచరికం అనాలా, రాజరికం అనాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: రెండూ ఒకటి కావండీ. అయినా మీ అబ్బాయి వాడిన మాట తప్పేమీ కాదు, దాన్ని కొట్టేయకుండా ఉండాల్సింది. ఆ వాక్యంలో సరిచేయాల్సింది వేరే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

కట్టుబడు నుంచి కట్టుబాటు, తడబడు నుంచి తడబాటు వచ్చినట్టే తిరగబడు నుంచి తిరుగుబాటు వచ్చింది. అణిగిమణిగి ఉన్నవాళ్లు ఇక చాలని ఎదురు నిలబడితే అది తిరుగుబాటు. దానికి ఒక రోజు, ఒక చోటు, చేసిన మనుషులు ఉంటారు. గెలిచినా ఓడినా ఆ పేరు పోదు. 1857లో సిపాయిలు ఓడిపోయారు, అయినా సిపాయిల తిరుగుబాటు అనే అంటున్నాం. మన్యంలో ఇదే పనిని పితూరీ అన్నారు. 1879 నాటి రంప పితూరీ, 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పితూరీ మీకు తెలిసినవే. (ఇవాళ ఆ మాట చాడీలు చెప్పడానికి దిగజారిపోవడం నాకు బాధగా ఉంటుంది.)

విప్లవం సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ఉపద్రవం, అల్లకల్లోలం. మంచి అర్థం లేని ఆ మాటను మనం తెచ్చుకుని పాత ఏర్పాటు పూర్తిగా మారిపోవడం అనే అర్థంలో స్థిరపరచుకున్నాం. అందుకే పారిశ్రామిక విప్లవం, హరిత విప్లవం, శ్వేత విప్లవం అనగలుగుతున్నాం. వీటిలో ఎవరూ ఎవరి మీదా తిరగబడలేదు. హరిత తిరుగుబాటు అని చూడండి, నవ్వొస్తుంది. తిరుగుబాటు మనుషులు చేసే పని, విప్లవం ఆ పనుల వల్లో మరోదాని వల్లో లోకంలో వచ్చే మార్పు. ‘విప్లవం చేశారు’ అనే వాడుకా ఉంది, తప్పుపట్టను. కానీ ‘తిరుగుబాటు చేశారు, విప్లవం వచ్చింది’ అన్నప్పుడు రెండు మాటలూ తమ తమ చోట హాయిగా కూర్చుంటాయి.

ఈ తేడా ఫ్రాన్సు రాజుకే ఎదురైందని చెబుతారు. 1789 జూలై 14న పారిస్ జనం బాస్టిల్ కోటను పట్టుకున్నారు. వాళ్లలో చాలామంది ఆ పక్కనే ఉన్న సెంట్ ఆంట్వాన్ పేటలో పనిచేసుకునే వడ్రంగులు, తాళాలు చేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు. పొద్దున ఇంకోచోట వేల తుపాకులు దొరికాయి, మందుగుండు మాత్రం బాస్టిల్‌లో ఉంది. దానికోసం వెళ్లారు. లోపల ఖైదీలు ఏడుగురే. దాడిచేసినవాళ్లలో వందమందికి దగ్గరగా చనిపోయారు, కోట అధికారి ద లోనేను జనం చంపేశారు. రాజభవనం ఉన్న వెర్సాయ్‌లో రాజు పదహారో లూయీ తన డైరీలో ఆ తేదీ కింద ‘ఏమీ లేదు’ అని రాసుకున్నాడు. వేటలో ఏమీ దొరకలేదని దాని భావం. ఆ రాత్రి లియాంకూర్ ప్రభువు వచ్చి కబురు చెబితే, ‘అయితే ఇది తిరుగుబాటా?’ అని అడిగాడట రాజు. ‘కాదు ప్రభూ, విప్లవం’ అన్నాడట ఆయన. రాజు ఆ రోజు జరిగినదాని గురించి అడిగాడు. లియాంకూర్ దానితో మొదలైనదేమిటో చెప్పాడు. నా లెక్కలో ఇద్దరిదీ సరైన మాటే. బాస్టిల్ ఘటన తిరుగుబాటు, 1789 నుంచి ఏళ్లతరబడి సాగినదంతా కలిపి విప్లవం.

ఇక మీ అబ్బాయి వాక్యంలో దిద్దాల్సింది ‘రాచరికానికి’ అన్న మాట. 1789లో జనం రాచరికం పోవాలని కోరలేదు. 1788 జూలైలో వడగళ్లు పంటను కొట్టేశాయి, ఆ చలికాలం భయంకరంగా గడిచింది. 1789 మొదట్లో పారిస్‌లో నాలుగు పౌన్ల రొట్టె పద్నాలుగున్నర సూలకు (సూ అంటే అప్పటి చిల్లర నాణెం) చేరింది. రోజుకూలికి వచ్చేది ఇరవై, మహా అయితే ముప్పై సూలు. సంపాదనలో సగమో అంతకన్నా ఎక్కువో రొట్టెకే పోతే ఇంటిల్లిపాదీ ఎలా బతుకుతారు? ఊళ్లలో రైతు రాజుకు పన్ను, చర్చికి దశమభాగం, జమీందారుకు చెల్లింపులు, ఉప్పు మీద పన్ను కట్టాలి. ప్రభువులకూ మతాధికారులకూ చాలా పన్నులు ఉండవు. జనం కోపం దీని మీద. ఊరూరా రాసి పంపిన ఫిర్యాదుల పుస్తకాల్లో రాజును తండ్రిలాగే సంబోధించారు, ఆయనకు నిజం తెలిస్తే బాగుచేస్తాడనుకున్నారు.

అక్టోబరు 5 చూడండి. బజారులో చేపలూ కూరలూ అమ్ముకునే ఆడవాళ్లు రొట్టె దొరక్క వానలో తడుస్తూ, ఫిరంగులు లాక్కుంటూ ఇరవై కిలోమీటర్ల దూరంలోని వెర్సాయ్‌కి నడిచారు. తెల్లారాక రాజును, రాణిని, పిల్లలను పారిస్‌కి తీసుకొచ్చారు, పిండిబళ్లు కూడా వెంట వచ్చాయి. ‘రొట్టెలాయన్ని, రొట్టెలావిడని, రొట్టెల పిల్లాణ్ని తెచ్చాం’ అని దారంతా కేకలు వేశారు. అది కచ్చితంగా తిరుగుబాటే, రాజభవనంలోకి చొరబడ్డారు, కాపలావాళ్లు చనిపోయారు. కానీ రాజు తమ మధ్య ఉంటే రొట్టె ఉంటుందని నమ్మి చేసిన తిరుగుబాటు. దాన్ని రాచరికంపై తిరుగుబాటు అంటే ఆ ఆడవాళ్ల మనసులో లేనిది వాళ్లకు అంటగట్టినట్టవుతుంది.

ఆ నమ్మకం ఎప్పుడు చెడిందో కూడా తెలుసు. 1790 జూలై 14న పారిస్‌లోని షాన్ ద మార్స్ మైదానంలో రాజు ప్రమాణం చేస్తే లక్షలమంది జేజేలు పలికారు. మరుసటి ఏడు జూన్‌లో ఆయన మారువేషంలో సరిహద్దు వైపు పారిపోతూ వరెన్ అనే చిన్న ఊళ్లో పట్టుబడ్డాడు. 1791 జూలై 17న అదే మైదానంలో రాజు మనకొద్దని సంతకాలు పెడుతున్న జనం మీద కాల్పులు జరిగాయి. 1792 ఆగస్టు 10న పారిస్ పేటల జనం, మార్సెయ్ నుంచి వచ్చిన దళాలు రాజు ఉంటున్న త్విలరీ భవనం మీద పడ్డప్పుడు అది రాచరికంపై తిరుగుబాటు. సెప్టెంబరు 21న రాచరికాన్ని రద్దు చేశారు. కాబట్టి ఆ మాట ఉంచాలంటే ఏడాది 1792 వేయాలి. 1789 అనే ఉంచాలంటే ‘పాలకుల మీద తిరగబడ్డారు’ అంటే చాలు.

‘వ్యతిరేకంగా’ తప్పు కాదు గానీ బరువు. తిరగబడడానికి ‘మీద’ వాడతాం: రాజు మీద తిరగబడ్డారు. ఎదురు తిరగడానికి ‘కు’: రాజుకు ఎదురు తిరిగారు. ఈ రెండూ ఉండగా ప్రతిచోటా ‘వ్యతిరేకంగా’ తగిలించడం పేపర్ల అలవాటు. ‘మీద’ లేకుండా ఉత్తినే ‘తిరగబడింది’ అంటే లారీ బోల్తాపడిందని కూడా అర్థం వస్తుంది, అది చూసుకోమనండి.

రాచరికం, రాజరికం రెండూ వాడుకలో ఉన్నాయి. రాచబిడ్డ, రాచమర్యాద, రాచబాట ఉన్నాయి కదా, నేను రాచరికమే రాస్తాను. రాజరికం అని రాసినందుకు మాత్రం మార్కులు కొయ్యకూడదు.