హైదరాబాద్‌లో అద్దెకుండేవాళ్లకు, ఫ్లాట్లవాళ్లకు రూఫ్‌టాప్ సోలార్ ఎందుకు అందడం లేదు?

ధర ఒక్కటే అడ్డంకి కాదు, డాబా ఎవరిదన్నదే అసలు చిక్కు. 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు రూ.30,000, 3 కిలోవాట్లు ఆపైన అయితే మొత్తం రూ.78,000 సబ్సిడీ ఉంది. అయితే ఇల్లు సొంతమై ఉండాలి. పైగా ఆ సొమ్ము ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునూ, గ్రిడ్‌కు పంపిన కరెంటునూ లెక్కించే మీటర్) పెట్టాకే ఖాతాలో పడుతుంది. ముందు పెట్టుబడో అప్పో మనదే.

కిలోవాట్‌కు నీడలేని 100 చదరపు అడుగుల చోటు కావాలి, నెలకు సుమారు 110 యూనిట్లు వస్తాయి. అపార్ట్‌మెంట్ డాబాపై ట్యాంకులు, లిఫ్ట్ రూము పోగా మిగిలేది అన్ని ఫ్లాట్లకూ చాలదు. ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్‌పై పడినా, అదే వరుసలో కలిపిన మిగతావాటి ఉత్పత్తీ పడిపోవచ్చు. స్టాండ్లు ఎత్తుగా వేయించండి.

ఫ్లాట్లకు పనికొచ్చే దారి: అసోసియేషన్ తీర్మానం చేసి లిఫ్ట్, మోటారు, మెట్ల లైట్ల కామన్ మీటరుకు సోలార్ పెట్టుకోవడం. దీనికి కిలోవాట్‌కు రూ.18,000 సబ్సిడీ. కరెంటు బిల్లులో మిగిలిన డబ్బు మేరకు మెయింటెనెన్స్ తగ్గించాలని ఆ తీర్మానంలోనే రాయించండి. లేకపోతే అద్దెవాళ్లకు పైసా దక్కదు.

పెద్ద బిల్లులవాళ్లు ఎక్కువ రేటు కట్టబట్టే చిన్న స్లాబులకు తక్కువ రేటు సాధ్యమవుతోంది. వాళ్లంతా సోలార్‌కు మారితే ఆ భారం సోలార్ పెట్టుకోలేని మిగతావాళ్ల మీద పడొచ్చు. అందుకే ఢిల్లీలోలా వర్చువల్ నెట్ మీటరింగ్ కావాలి: ప్లాంటు ఒకచోట, యూనిట్ల వాటా డాబా లేనివాళ్ల మీటర్లకు.