కాన్వాసును ముందు బోర్లించు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫొటోలు చూశాను. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతుంటే 200 డాలర్లకు అమెరికా చిత్రకారుడు థామస్ కింకేడ్ బొమ్మకు అచ్చు ప్రతి ఒకటి కొన్నావు, బాగుంది. వాగు ఒడ్డున రాతి ఇల్లు, కిటికీల నిండా పసుపు వెలుగు. మీ అత్తయ్యకు కూడా నచ్చింది. కానీ "నెట్‌లో 3000 చెబుతున్నారు" అని రాశావే, అదే నాకు నచ్చలేదు. అమ్మేవాడు చెప్పే ధర పెళ్లి సంబంధాల్లో చెప్పే జీతం లాంటిది. ఈబేలో అమ్ముడుపోయిన వాటిని మాత్రమే చూపించే సదుపాయం ఉంది. అదే బొమ్మ, అదే కొలత, అదే రకం అచ్చు ప్రతి ఎంతకు పోయిందో అందులో చూడు.

అంతకంటే ముందు బల్ల మీద దుప్పటి పరిచి బొమ్మను బోర్లించు. వెనుక చీటీ మీద బొమ్మ పేరు, అది ఎన్నో ప్రతో తెలిపే సంఖ్య ఉండాలి. ధ్రువపత్రం ఉంటే దాని మీదా అదే సంఖ్య ఉండాలి. ఉదాహరణకు 412/950 అంటే 950 ప్రతుల్లో 412వది. సంఖ్య చిన్నదైతే విలువ ఎక్కువని ఎవరైనా అంటే నమ్మకు. చేత్తో చెక్కిన రాగి రేకుతో అచ్చు వేసేటప్పుడు రేకు అరుగుతుంది కనుక మొదటి ప్రతులకు గిరాకీ. ఇక్కడ ఆ ప్రశ్నే లేదు. పైగా ఆ 950తో లెక్క ముగియదు. ఎ/పి (ఆర్టిస్ట్స్ ప్రూఫ్, అంటే చిత్రకారుడి ప్రతి), జి/పి (గ్యాలరీ ప్రూఫ్, అంటే గ్యాలరీ ప్రతి) అని గుర్తున్న ప్రతుల లెక్క వేరు, కాగితం మీద వేసినవి వేరు. ఇలాంటి వాటిని 'పరిమిత' ప్రతులని అమ్ముతారు కానీ, ఆ మాట కొంచెం సాగుతుందిలే.

ఇప్పుడు బొమ్మను తిప్పి, పదింతలు చూపే భూతద్దం పెట్టు. సన్నని రంగు చుక్కలు కనిపిస్తే నకిలీ అని కంగారుపడకు. ఇవి యంత్రం అచ్చువేసినవే. గది చీకటి చేసి పక్కనుంచి టార్చి వెయ్యి. కిటికీల మీద, దీపాల మీద ఉబ్బెత్తుగా రంగు ఉంటే దానికి చిన్న నీడ పడుతుంది. ఆ రంగు చాలావరకు శిక్షణ పొందిన సహాయకులు అద్దిందే. కింకేడ్ స్వయంగా అద్దారని చెప్పి అమ్మేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త.

చెక్క మీదికి కాన్వాసు మడత పడే మూలల్లో పగుళ్లు వెతుకు. తడిగుడ్డ మాత్రం వద్దు. ఫ్రేముల దుకాణంలో చేరిన కొత్తలో నేను అలాగే తుడిచాను. పగిలిన చోట పసుపు రంగు పెచ్చుగా లేచి గుడ్డకు అంటుకుంది. యజమాని ముఖం ఇప్పటికీ గుర్తుంది.

చిత్రకారుడు పోతే ధర పెరుగుతుందంటారు. కింకేడ్ 2012లో పోయారు. కానీ ఆయన ప్రతులు అమెరికా ఇళ్లలో కుప్పలుగా ఉన్నాయి, అమ్మేవాళ్లే ఎక్కువ.

డబ్బిచ్చి మదింపు చేయించాలంటే అది బీమాకా, అమ్మకానికా ముందే చెప్పు. రెండు విలువలూ ఒకటి కావు. విలువలో శాతం ఫీజు అడిగేవాడి దగ్గరికీ, "నేనే కొంటాను" అనేవాడి దగ్గరికీ వెళ్లకు. నన్నడిగితే ముందు ఆ ఫీజు ఎంతో కనుక్కో, బొమ్మ కంటే ఎక్కువ కావచ్చు.

వెనుక చీటీని పగటి వెలుతురులో ఫొటో తీసి పంపు. అప్పటిదాకా మీ అమ్మతో ఆ 3000 మాట ఎత్తకు.

మీ మామయ్య