ట్రెక్ పెరిగింది సరే, దేనికి ఎంత?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. హెచ్ఐవీ మందులు వాడుతున్నవాళ్లలో థైమస్ (ఛాతీలో గుండెకి కాస్త పైన ఉండే గ్రంథి) కొత్త టీ సెల్స్ (జబ్బులతో పోరాడే తెల్ల రక్తకణాలు) ఎన్ని పంపిస్తోందో ఎలా కొలుస్తారు అనేది మంచి టాపిక్, తెలుగులో రాసేవాళ్లే తక్కువ. కానీ "ట్రెక్ పెరిగింది, అంటే థైమస్ కోలుకుంది" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఆ "అంటే" తీసెయ్.

ట్రెక్ ఏంటో ముందు కళ్లకు కట్టించు. థైమస్‌లో టీ సెల్ తన రిసెప్టర్ (శత్రువుని గుర్తుపట్టే భాగం) తయారుచేసుకునేటప్పుడు డీఎన్ఏలో ఒక ముక్క తెగిపోతుంది, దాని రెండు కొసలు అతుక్కుని చిన్న రింగులా మారి సెల్‌లోనే ఉండిపోతుంది, ఆ రింగే ట్రెక్ (TREC). సెల్ రెండుగా చీలినప్పుడు క్రోమోజోములకి కాపీ వస్తుంది గానీ ఈ రింగుకి రాదు, రెండు పిల్ల సెల్స్‌లో ఒకదానికే పోతుంది. 100 సెల్స్‌లో 10 రింగులున్నాయనుకో, అన్నీ ఒకసారి చీలితే సెల్స్ 200, రింగులు అవే 10, వందకి 5 అన్నమాట. థైమస్‌లో ఏ మార్పూ లేదు, అంకె మాత్రం సగమైపోయింది. ఈ లెక్క నీ వ్యాసంలో వాడుకో.

ఇప్పుడు హెచ్ఐవీకి రా. వైరస్ అదుపులో లేనప్పుడు ఇమ్యూన్ సిస్టమ్ ఎప్పుడూ రెచ్చిపోయి ఉంటుంది, సెల్స్ చీలుతూ చస్తూ ఉంటాయి కాబట్టి రింగులు పలచబడతాయి, మందులతో ఆ హడావుడి తగ్గితే థైమస్ పాత స్పీడులోనే ఉన్నా ట్రెక్ పెరగొచ్చు. 1998లో డూయెక్ అనే పరిశోధకుడి బృందం మందులు మొదలయ్యాక ట్రెక్ పెరగడం నేచర్ పత్రికలో చూపించింది, 2000లో హేజెన్‌బర్గ్ అనే పరిశోధకురాలి బృందం వాళ్లు ఈ చీలికల సంగతి ముందుకు తెచ్చారు. నువ్వు మొదటిదే రాశావు, రెండోది కూడా పెట్టు, అసలు కథంతా అక్కడే ఉంది.

ఏ అంకె కనబడినా దేనికి ఎంత అని అడుగు. లక్ష సెల్స్‌కా, మిల్లీలీటర్ రక్తానికా? రక్తానికి లెక్కేస్తే చీలికల వల్ల పలచబడదు, కానీ మందులు మొదలైన కొత్తలో లింఫ్ నోడ్స్‌లోంచి సెల్స్ రక్తంలోకి వస్తాయి, దాంతో అదీ పెరుగుతుంది. థైమస్ పనితీరు అంచనాకి వాడే మిగతా కొలతలు, అంటే సీడీ31 మార్కర్ (థైమస్ నుంచి కొత్తగా వచ్చిన సెల్స్‌ని గుర్తించడానికి చూసే ప్రొటీన్), సీటీ స్కాన్‌లో థైమస్ సైజు, వీటికి తలా ఒక లైను చాలు.

చాలా ఏళ్ల క్రితం నేనూ "కోలుకుంది" అనే రాశాను. అది చదివి మందులు వాడుతున్న ఒకావిడ, అయితే ఇక ఆపేయొచ్చా అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ అంకె ఎంత పెరిగినా మందులు ఆపకూడదని నీ వ్యాసంలో స్పష్టంగా రాయి, చివర్లో కాదు, పైనే. మార్చాక మళ్లీ పంపు, చూస్తాను.