మాత్ర సంగతి తర్వాత, ముందు బాబును కారులో వదలడం ఆపండి

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 33 ఏళ్లు. ఆరేళ్లప్పుడు చిత్తూరులో మా నాన్న నన్ను కారులో ఉంచి బ్యాంకులోకి వెళ్లారు. అద్దం దించే పిడి ఎంత తిప్పినా నా చేతికి తిరగలేదు. ఏడ్చినా ఎవరికీ వినపడలేదు. ఇప్పటికీ కారు తలుపు మూస్తే గుండె దడ, చేతులకు చెమటలు. మా మూడేళ్ల బాబు నిద్రపోతే మావారు ఏసీ వేసి కారులోనే వదిలి సరుకులకు వెళ్తారు. వద్దంటే ‘నీ భయం వాడికి అంటించకు’ అంటారు. మెడికల్ షాపులో ఇచ్చిన ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మందు) రాత్రిపూట సగం మాత్ర వేసుకుంటున్నాను. డోసు పెంచుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీరు మాత్ర గురించి అడిగారు. నాకు మాత్రం బాబు గురించే భయం వేసింది. ఈ ఒక్క విషయంలో మీరు భయపడటమే సరైనది. మీవారికి ఈ జవాబు చదివి వినిపించండి.

ఎండలో ఆపిన కారులో మొదటి పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో మన ఊళ్లో బయటే 40 ఉంటే లోపల ఎంతో లెక్కేసుకోండి. అద్దం రెండు వేళ్ల సందు దించినా పెద్దగా తేడా ఉండదు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఏసీ ఉంది కదా అంటే, ఇంజిన్ ఆగితే చల్లదనమూ ఆగుతుంది. మూడేళ్లవాడు లేచి ఏ బటన్ నొక్కుతాడో, గేరు ఎటు లాగుతాడో తెలియదు. సెల్లార్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచితే పొగలోని విషవాయువు మరో ప్రమాదం. మీ నాన్నగారు కూడా అయిదు నిమిషాల్లో వచ్చేస్తాననే వెళ్లి ఉంటారు. బ్యాంకులో క్యూ ఆయన చేతిలో లేదు కదా.

ఒక వేసవిలో మా దగ్గరికి ఇలాగే ఒక పాపను తెచ్చారు. ఒళ్లు పెనంలా కాలుతోంది, పిలిస్తే పలకడం లేదు. సీటు బెల్టు ఇనుప బకిల్ తగిలిన చోట తొడ మీద ఎర్రగా కమిలింది. జ్వరమనుకుని ఇంట్లో పారాసిటమాల్ సిరప్ పోసి, తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చున్నారు. పాప దక్కింది, కానీ ఆ అరగంట వృథా అయింది. వడదెబ్బ వేడికి పారాసిటమాల్ పనిచేయదు. మత్తుగా ఉన్న బిడ్డ నోట్లో సిరప్ గానీ నీళ్లు గానీ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నీడలోకి తెచ్చి, బట్టలు తీసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి. ఆ పని చేస్తూనే 108కి ఫోన్ చేయాలి.

ఇక మీ మాత్ర. ఆల్ప్రజోలం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. చదువుకున్నవాళ్లు మీరే ఇలా షాపులో అడిగి తెచ్చుకుంటే ఎలా చెప్పండి? ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాయలేదు. కొన్ని వారాలకే అలవాటు పడే అవకాశం ఉంది. డోసు పెంచొద్దు. అలాగని ఉన్నట్టుండి మానేయనూ వద్దు, కొందరికి ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చూస్తూ మెల్లగా తగ్గించాలి. వేసుకున్నాక బండి నడపొద్దు. గర్భం ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పండి.

దడ అంతా భయం వల్లేనని చూడకుండా నేను చెప్పలేను. ఒక ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. అవి బాగుంటే, చిన్ననాటి భయానికి కౌన్సెలింగ్‌తో మంచి చికిత్స ఉంది. చాలామందికి తగ్గుతుంది. తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లొచ్చు. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ పట్టుకెళ్లండి, ఎన్ని మిల్లీగ్రాములో డాక్టర్ చూడాలి.