పెనాంగ్‌లో ఓడ ఆగిన పూట ఫుడ్ వాక్: లావణ్యకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి లావణ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. సింగపూర్‌లో మీరు ఎక్కే ఓడ థాయిలాండ్‌లోని ఫుకెట్ చూపించి, ఆ తర్వాత మలేషియాలోని పెనాంగ్‌లో ఆగుతుందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దిగాక పెనాంగ్ హిల్‌కి వెళ్లాలా, గైడ్‌ని పెట్టుకుని ఊళ్లో తిండి రుచులు చూస్తూ నడవాలా అని తేల్చుకోలేకపోతున్నావట. నన్నడిగితే నడకే మంచిది. కొండ ఊరికి దూరం. వెళ్లి రావడానికీ, కొండ మీదికి తీసుకెళ్లే రైలు క్యూలో నిలబడడానికీ మీ పూటలో చాలా భాగం పోతుంది. ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ మాత్రం జార్జ్ టౌన్ పాత ఊరిని ఆనుకునే ఉంది. బయటికి వచ్చి నాలుగడుగులు వేస్తే విక్టోరియా రాణి పేరిట కట్టిన గడియార స్తంభం కనిపిస్తుంది. ఆమె ఏలుబడికి అరవై ఏళ్లు నిండిన గుర్తుగా, ఏడాదికి ఒక్కో అడుగు లెక్కన 60 అడుగుల ఎత్తు కట్టారు. నడక అక్కడే మొదలుపెట్టొచ్చు. బస్సు అక్కర్లేదు.

ముందు టైము సంగతి తేల్చుకో. థాయిలాండ్ గడియారం మలేషియా కంటే గంట వెనక ఉంటుంది. ఫుకెట్ నుంచి వచ్చేటప్పుడు ఓడలో టైము మారుస్తారా, మార్చకుండా ఉంచుతారా అని ముందు రోజు రాత్రే రిసెప్షన్‌లో అడుగు. ఫోను దానంతట అది మారిపోతుంది, చేతి వాచీ మారదు, ఇంట్లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో టైము ఉంటుంది. మీలో ఒకరి వాచీ ఓడ టైములోనే ఉంచి, దాన్నే నమ్మండి. ఇంకో మాట. ఓడ బయల్దేరే టైము వేరు, అందరూ ఎక్కేయాల్సిన టైము వేరు. రెండోది అరగంటో గంటో ముందుంటుంది, నీకు లెక్క అదే. దానికి రెండు గంటల ముందు నడక అయిపోయేలా చూసుకో. మొదలు కూడా ఓడ ఒడ్డుకు చేరే టైముకే పెట్టుకోకు. ఓడ కట్టాలి, అధికారులు అనుమతి ఇవ్వాలి, వేలమంది దిగాలి. గంటన్నర వదిలి బుక్ చేసుకో.

ఓడవాళ్లే పెట్టే నడకా, బయట గైడ్ దగ్గరా అని అడుగుతావు. ఓడవాళ్లతో వెళ్తే ఆలస్యమైనా వాళ్లు చూసుకుంటారు. బయట వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగదు, తర్వాతి రేవుకు నీ ఖర్చుతో నువ్వే చేరాలి. అయినా పెనాంగ్‌లో మాత్రం నేను బయట గైడ్‌నే ఎంచుకోమంటాను. రేవు నడిచి వచ్చేంత దగ్గర, కాబట్టి ట్రాఫిక్‌లో ఇరుక్కునే భయం లేదు. ఓడ గుంపులో ముప్పై నలభై మంది ఉంటే చిన్న బండి ముందు అందరూ నిలబడలేరు, వండేవాడికి ఓపికా ఉండదు. ఎనిమిది మందికి మించని గుంపు చూడు. మలేషియాలో గైడ్‌లకు పర్యాటక శాఖ లైసెన్సు ఉండాలి, మెడలో కార్డు వేసుకుంటారు. బుక్ చేసేటప్పుడే రెండు ప్రశ్నలు రాసి పంపు: వాతావరణం బాగాలేక ఓడ అసలు ఆగకపోతే డబ్బు తిరిగి ఇస్తారా? ఏ ఏ చోట్లకు తీసుకెళ్తారు, ఆ రోజు ఆ టైముకు అవి తెరిచి ఉంటాయా? ఈ రెండోది చాలా ముఖ్యం తల్లీ. అక్కడి బండివాళ్లలో కొందరు పొద్దున్నే అమ్మేసి మధ్యాహ్నానికి సర్దుకుంటారు. గర్నీ డ్రైవ్ లాంటి పేరున్న చోట్ల సందడి సాయంత్రమే. శుక్రవారమైతే ముస్లింల హోటళ్లు కొన్ని నమాజు వేళకు మూసేస్తారు.

ఆ పొద్దున ఓడలో టిఫిను తక్కువ తినండి. టికెట్లోనే డబ్బు కట్టేశాం కదా అని బఫే ముందు ఆగిపోతే ఊళ్లో మూడో చోటుకే కడుపు నిండిపోతుంది. ఒక ఇడ్లీయో, ఒక పండో చాలు. ప్రతి చోటా పూర్తి ప్లేటు తినాలని లేదు, మీ నలుగురికీ ఒక ప్లేటు తెప్పించి పంచుకోండి.

ఇక నా అసలు దిగులు మీ అత్తగారి గురించి. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు కదా. గైడ్‌కి 'వెజిటేరియన్' అన్న ఒక్క మాట చెప్పి ఊరుకోకు. మాంసం ముక్క కనిపించకపోతే చాలనుకునే వంటవాళ్లు అక్కడ చాలామంది. చేప, రొయ్య, రొయ్య ముద్ద, గుడ్డు, పంది కొవ్వు, మాంసం ఉడికించిన నీళ్లు, ఇవేవీ వద్దని ఒక్కొక్కటీ పేరుపెట్టి ముందే రాసి పంపు. అక్కడ బెలాచన్ అనే రొయ్య ముద్ద కంటికి కనపడకుండా పచ్చళ్లలో, కూరల్లో కలిసి ఉంటుంది. ఆసమ్ లక్సా అనే నూడుల్స్ పులుసు చూడ్డానికి మన చింతపండు చారులా ఎర్రగా, పుల్లగా ఉంటుంది కానీ పులుసంతా చేపదే, పైన నల్లటి రొయ్య పాకం వేస్తారు. పెనాంగ్ 'హొక్కియన్ మీ' అనే నూడుల్స్‌లో పులుసు రొయ్య తలలూ పంది ఎముకలూ కాచి తీసింది. చార్ క్వే తియావ్ అనే వేయించిన బియ్యపు నూడుల్స్‌ని చాలామంది పంది కొవ్వులోనే వేయిస్తారు. పెసర పూర్ణం పెట్టిన చిన్న బిస్కెట్లు కొనుక్కుంటారు చూడు, వాటిలోనూ కొన్నిచోట్ల పంది కొవ్వే వాడతారు, అడిగి కొనండి.

అయితే ఆవిడ ఆకలితో తిరగాల్సిన పని లేదు. లిటిల్ ఇండియాలో అప్పాలు, పరోటాలాంటి రోటీ చనాయ్ దొరుకుతాయి. రోటీ పిండిలో గుడ్డు కలిపారా, పక్కన పోసే పులుసు పప్పుదేనా అని మాత్రం అడగాలి. చెండోల్ హాయిగా తాగొచ్చు: కొబ్బరిపాలు, తాటిబెల్లంలాంటి పాకం, పాండన్ ఆకు రసంతో చేసిన పచ్చటి పిండి పోగులు, ఎర్ర చిక్కుడు గింజలు, తురిమిన ఐసు. జాజికాయ పండు రసం పెనాంగ్‌లో తప్పకుండా తాగాలి, మన దగ్గర గింజే వాడతాం, అక్కడ కండ కూడా వదలరు. బౌద్ధులు నడిపే శాకాహార హోటళ్లు కూడా ఉన్నాయి. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, ఆవిడకి ఇంకా నచ్చుతుంది. గైడ్‌ని అలాంటి చోటు ఒకటైనా దారిలో కలపమను.

నువ్వూ అల్లుడూ అన్నీ తింటారు కాబట్టి చార్ క్వే తియావ్ వదలొద్దు. మంట బాగా పెంచి ఒక్కో ప్లేటూ విడిగా వేయిస్తారు, అందుకే క్యూ నెమ్మదిగా కదులుతుంది, ఓపిక పట్టండి. ఒక్క జాగ్రత్త. అందులో వేసే చిన్న గవ్వల మాంసం సగం ఉడికీ ఉడకనట్టు ఉంటుంది. అది వద్దని చెప్పండి. ఓడలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఎవరికీ అంటకుండా గదిలోంచి కదలనివ్వరు, మిగతా ప్రయాణమంతా పాడవుతుంది. వేరుశనగ పడనివాళ్లు మీలో ఉంటే అదీ ముందే చెప్పు, అక్కడి సాసుల్లో ఎక్కువగా వాడతారు.

గైడ్‌కి ఇచ్చే డబ్బు తిండికే అనుకోకు. ఏది ఎవరి వంట, ఎందుకు ఇక్కడికి వచ్చింది అన్నది అతనే చెప్పాలి. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈ రేవు తెరిచాక చైనా నుంచీ, తమిళనాడు నుంచీ, చుట్టుపక్కల దీవుల నుంచీ జనం వచ్చి చేరారు. అందుకే ఒక్క వీధిలో ఇన్ని రుచులు. నాసీ కందర్ దగ్గర ఆగినప్పుడు ఆ కథ అడిగించుకో. తమిళ ముస్లింలు కావడికి ఒకవైపు అన్నం, ఒకవైపు కూరలు వేలాడదీసి, రేవు కూలీలకు తిరుగుతూ అమ్మిన తిండి అది. అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి పోయించుకోవడమే దాని అందం, విడివిడిగా గిన్నెల్లో అడగొద్దు.

కోపిటియమ్ అనే కాఫీ హోటల్‌లో కూర్చుంటే పద్ధతి వేరు. కాఫీ, టీ హోటలాయన దగ్గర చెప్పాలి, తిండి మాత్రం లోపలున్న ఒక్కో బండి దగ్గర విడిగా. తెచ్చి పెట్టినప్పుడే డబ్బిచ్చేయాలి. చిన్న రింగిట్ నోట్లు దగ్గరుంచుకో. తాగడానికి ఏదో ఒకటి చెప్పకుండా కూర్చోవడం మర్యాద కాదు. పరాయివాళ్లు వచ్చి మీ బల్ల దగ్గరే కూర్చుంటే ఏమీ అనుకోవద్దు, అక్కడ అది మామూలే. టిప్పు ఇచ్చే అలవాటు ఆ దేశంలో లేదు. గైడ్ బాగా చూపించాడనిపిస్తే ఇవ్వు.

చెప్పులు కాదు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. పాత ఇళ్ల ముందు నీడనిచ్చే వరండాల్లో నడుస్తారు కానీ ఒక ఇంటికీ మరో ఇంటికీ అరుగు ఎత్తు మారుతుంది, పక్కనే లోతైన కాలవ ఉంటుంది. మీ అత్తగారి చెయ్యి పట్టుకో. కాళ్లు నొప్పెడితే పాత ఊళ్లో ఉచితంగా తిరిగే కాట్ బస్సు ఉంది. గొడుగు పెట్టుకోండి, ఏ నెలైనా వాన పడుతుంది.

కొన్న తిండి ఓడలోకి తేవాలంటే సీలు వేసిన ప్యాకెట్లు మాత్రమే తీసుకోండి, వండినవీ పళ్లూ గేటు దగ్గరే ఆపేస్తారు. ఘాటు వాసన వచ్చే దురియన్ పండు దొరికే నెలలైతే బండి దగ్గరే తినేసి చెయ్యి కడుక్కుని రండి.

బుక్ చేసే ముందు గైడ్ పంపిన చోట్ల జాబితా నాకు పంపు, మీ అత్తగారికి పనికిరానివి గుర్తుపెట్టి ఇస్తాను. అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ