పేరు పెట్టిన పొట్టేలును అమ్మి, పేరు లేనిదాన్ని కోసుకున్నాం

"కుక్కను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం, గొర్రెను కోసుకుంటాం, ఇదేం న్యాయం?" అని అడిగారు. న్యాయం సంగతి నాకు తెలియదు గానీ, మాది కొత్తకోట పక్క ఊరు, నాయిన అరవై జీవాలను కాసినవాడు, కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్తా.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక గొర్రె ఈని చచ్చిపోయింది. పిల్లను ఇంటికి తెచ్చి సీసాతో బర్రె పాలు పట్టాను. చిన్నోడు అని పిలిచేవాణ్ణి. మందతో పోకుండా వాకిట్లోనే తిరిగేవాడు, నేను బడి నుంచి వస్తుంటే బోరింగు దాకా ఎదురొచ్చేవాడు, నా పళ్లెంలో జొన్నరొట్టె గుంజుకునేవాడు. ఏడాదిన్నరకు మంచి పొట్టేలయ్యాడు. ఆ దసరాకు మైసమ్మ మొక్కు ఉంటే మా అవ్వ చిన్నోణ్ణే చూపించింది. నేను అన్నం మానేసి ఏడ్చాను. నాయిన ఏమీ అనలేదు, శనివారం పొద్దున్నే పెబ్బేరు అంగడికి తోలుకుపోయి అమ్మేసి, దాదాపు అదే ధరకు ఇంకో పొట్టేలును తెచ్చాడు. దాన్ని కోశాం. నేనూ తిన్నాను, బాగానే తిన్నాను. చిన్నోణ్ణి కొన్నవాళ్లు పెంచుకోవడానికి కొనలేదని నాకు అప్పుడు కూడా తెలుసు.

మా దగ్గర మందలో ఉంటే జీవం, అంగడికి పోతే పొట్టేలు, కత్తి కిందికి వస్తే యాట. జంతువు అదే, మాట మారుతుంది, మాటతో పాటు మనమూ మారతాం. ఆ రోజు తిన్నాక నాయిన "గొర్రెకేం తెలుస్తది రా" అన్నాడు, అరవై జీవాల్లో దేని మొఖం ఏదో చీకట్లో కూడా చెప్పగలిగిన మనిషి! 2010లో వచ్చిన ఒక పరిశోధనలో కొందరికి ఎండు గొడ్డుమాంసం, కొందరికి జీడిపప్పు తినిపించి తర్వాత ఆవు గురించి అడిగారు. మాంసం తిన్నవాళ్లు ఆవుకు తక్కువ విలువ ఇచ్చారట. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు.

కుక్క విషయంలో ప్రేమ కంటే పని ముందు అనుకుంటా. మంద కాడి కుక్క రాత్రి తోడేలు వస్తే మొరుగుతుంది, పైగా మనం తినే రొట్టే దానికీ పెట్టాలి. గొర్రె మనం తినలేని గడ్డిని కూరగా మారుస్తుంది. అయినా ఇదీ పూర్తి జవాబు కాదు. దక్షిణ కొరియాలో కుక్కమాంసం తినేవాళ్లు ఉన్నారు, దాని అమ్మకాన్ని ఆపే చట్టం 2024లో గానీ రాలేదు, అమలు 2027 నుంచి. అంత దూరం ఎందుకు, మా ఊళ్లోనే ఒక వాడలో పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, వండుకుంటారు, పక్క వాడలో దాని పేరెత్తరు. ముక్కు మూసుకునే ఆ పెద్దమనుషులే దసరా రోజు యాటకూర పోగు కోసం అందరికంటే ముందు నిలబడతారు, అది వేరే సంగతి.

ఇప్పుడు నాయిన దగ్గర ఎనిమిది జీవాలే ఉన్నాయి. సెలవులకు పిల్లలు వస్తే, "పేర్లు పెట్టనీయకు రా" అని ముందే ఫోన్ చేసి చెప్తాడు. అయినా ఒకసారి నా బిడ్డ ఒక పిల్లకు జున్ను అని పేరు పెట్టేసింది. మూడేళ్లు దాటింది, రెండు దసరాలు కాదు మూడు పోయాయి, జున్ను ఇంకా దొడ్లోనే ఉంది. అంగడికి తోలే రోజు నాయిన దానివైపు చూడడు.