డిగ్రీ అమ్మాయిలకు లీడర్‌షిప్ ట్రైనింగ్ పనికొస్తుందా?

డిగ్రీ చదువుతున్న మా చెల్లిని హైదరాబాద్‌లో లీడర్‌షిప్ ట్రైనింగ్‌కు పంపితే లాభం ఉంటుందా అని అడిగారు. తప్పకుండా పంపండి. కాకపోతే రెండు రోజుల క్లాసు, చేతిలో ఒక సర్టిఫికెట్‌తో సరిపెట్టే చోటికి వద్దు. నేర్చుకున్నది చేసి చూసే అవకాశమిచ్చి, వెనక ఒక అక్క నిలబడే చోటు చూడండి.

కోఠి దగ్గర ఒక బ్యాచ్‌కి నేను మెంటర్‌గా ఉన్నాను. ఒకమ్మాయికి మైకు పట్టుకోగానే చేతులు వణికేవి. ఎలా మాట్లాడాలో చెప్పడం మానేసి, ప్రతి శనివారం మీటింగ్ తననే నడపమన్నాం. ఎవరు ముందు మాట్లాడాలి, టైం అయిపోతే ఎలా ఆపాలి, అన్నీ తన పనే. మూడో వారం, మధ్యలో అడ్డొచ్చిన సీనియర్‌తో "ఒక్క నిమిషం అన్నా, ఆమెను చెప్పనియ్యి" అంది. నాకు కళ్లు చెమర్చాయి.

మెంటర్ అనేవాళ్లు అమ్మాయి ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడాలి. రాత్రి ఇంటికెలా వస్తుందన్న టెన్షన్ తీరకపోతే చాలామంది మధ్యలోనే మానేస్తారు.

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ఉందేమో చూడండి: రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు. వ్యాపారం ఆలోచన ఉంటే, మహిళా పారిశ్రామికవేత్తల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018లో పెట్టిన వీ హబ్‌లో అడగండి.